ఆస్కాట్ గోల్డ్ కప్ గురించి తెలుగు క్రీడా సంపాదకులకు బహిరంగ లేఖ

తెలుగు దినపత్రికల, వార్తా వెబ్‌సైట్ల క్రీడా విభాగాల సంపాదకులకు,

నమస్కారం.

ఏటా జూన్ మూడో వారంలో ఇంగ్లండులోని ఆస్కాట్ రేసుకోర్సులో ఐదు రోజులపాటు రాజకుటుంబం సమక్షంలో గుర్రపు పరుగులు జరుగుతాయి. ఆ వారం మన పత్రికల్లో కూడా ఆస్కాట్ ఫొటోలు కనిపిస్తాయి గానీ వాటిలో గుర్రం ఉండదు. ఈకలూ పూలూ కూర్చిన పెద్ద టోపీలు పెట్టుకున్న స్త్రీలు ఉంటారు. అవి చాలావరకు గురువారం నాడు తీసినవి. జనం ఆ రోజును 'లేడీస్ డే' అని పిలుచుకుంటారు. కానీ రెండు శతాబ్దాలకు పైగా ఆ గురువారానికి విలువ తెచ్చిపెట్టింది గోల్డ్ కప్ అనే పరుగు. కొన్నేళ్ళ కిందట ఒక తెలుగు పత్రికలో అటువంటి ఫొటో కింద 'ముసలి గుర్రాల పందెం తిలకించడానికి వచ్చిన అతివలు' అన్న వ్యాఖ్య చదివాను. ఆ పత్రిక పేరు ఇక్కడ రాయను, ఎందుకంటే ఆ పొరపాటు ఒక్కరిది కాదు, అలాంటివి తర్వాత కూడా కనిపించాయి. ఆ 'ముసలి' అన్న మాటను సరిదిద్దమని అడగడానికే ఈ ఉత్తరం.

నేను హైదరాబాదులో మలక్‌పేట రేసుకోర్సు దగ్గరి వీధుల్లో పెరిగాను. మా వీధిలో కొందరు సైసులు, అంటే గుర్రాలను చూసుకునే పనివాళ్ళు, ఉండేవారు. తెల్లవారకముందే గుర్రాలను కసరత్తుకు తీసుకువెళ్ళి, ఎండెక్కాక ఇంటికి వచ్చి, ఆ రోజు ఏ గుర్రం మేత సరిగా తినలేదో, ఏది కాలు కాస్త ఈడుస్తున్నదో మా అరుగు మీద కూర్చుని చెప్పుకునేవారు. గుర్రం గురించి నాకు తెలిసిన మొదటి మాటలు వాళ్ళవే. ఇప్పుడు 17 ఏళ్ళుగా ఇంగ్లండులోని రెడింగ్‌లో ఉంటున్నాను. రెడింగ్ నుంచి లండన్ వాటర్లూ స్టేషనుకు వెళ్ళే రైలు దారిలో ఆస్కాట్‌లో ఆగుతుంది. ఆ రైలెక్కి గోల్డ్ కప్ చూసిన ప్రతిసారీ ఆ సైసులు పక్కన ఉంటే బాగుండునని అనిపిస్తుంది.

ముందుగా వయసు సంగతి. మేలుజాతి పందెపు గుర్రాలన్నిటికీ, ఉత్తరార్ధగోళంలో అయితే, పుట్టినరోజు జనవరి 1. ఏ నెలలో పుట్టినా ఆ తేదీకి ఒక ఏడు పెరిగినట్టు లెక్క. లోకమంతటికీ తెలిసిన ఎప్సమ్ డెర్బీ కేవలం మూడేళ్ళ గుర్రాలకు. ఏ గుర్రమైనా తన జన్మలో ఒక్కసారే అందులో పరుగెత్తగలదు. గోల్డ్ కప్ నాలుగేళ్ళూ అంతకుమించి వయసున్న గుర్రాలకు. ఇంగ్లీషులో ఇలాంటి గుర్రాలను 'ఓల్డర్ హార్సెస్' అంటారు. ఆ మాటకు అర్థం మూడేళ్ళవాటి కన్నా పెద్దవి అని మాత్రమే. పాతికేళ్ళు బతకగల జంతువు నాలుగేళ్ళకే ముసలిది ఎలా అవుతుంది? ఆ వయసుకు దాని ఎముక అప్పుడప్పుడే గట్టిపడుతూ ఉంటుంది.

ఈ తేడా మన పాఠకులకు అర్థం కాదని అనుకోవడానికి వీల్లేదు. సంక్రాంతికీ, శివరాత్రికీ, తిరునాళ్ళకూ ఒంగోలు జాతి ఎడ్ల బండలాగుడు పోటీలు జరిగినప్పుడు రెండు పళ్ళ విభాగంలో ఏ ఊరి జత గెలిచిందో, నాలుగు పళ్ళ విభాగంలో ఏది గెలిచిందో, ఆరు పళ్ళ జత ఎన్ని అడుగులు లాగిందో మీరే అంకెలతో సహా అచ్చువేస్తారు. ఆ వార్త చదివే రైతుకు పళ్ళను బట్టి పశువు వయసు కట్టడం చిన్నప్పటి నుంచీ తెలుసు. గుర్రానికీ అదే లెక్క. కింది దవడ ముందు భాగంలో పాలపళ్ళు రాలి గట్టి పళ్ళు మూడేళ్ళకు రెండు, నాలుగేళ్ళకు నాలుగు, ఐదేళ్ళకు ఆరూ వస్తాయి. ఆ భాషలో చెప్పాలంటే డెర్బీ రెండు పళ్ళ గుర్రాల పరుగు, గోల్డ్ కప్ నాలుగు పళ్ళూ ఆపైన ఉన్న గుర్రాల పరుగు. ఒంగోలులో సీనియర్ విభాగంలో లాగే ఎడ్ల జతను ముసలి ఎడ్లని రాస్తే వాటి యజమాని మీ కార్యాలయానికే వస్తాడు. పళ్ళన్నీ వచ్చిన ఎద్దే అసలైన బలమున్న ఎద్దని అతనికి తెలుసు.

ఇంకొక మాట కూడా తప్పుగా వస్తోంది. 'ఫ్లాట్ రేస్' అనే దాన్ని ఒకచోట 'చదును నేల మీది పందెం' అని రాశారు. అడ్డంగా కంచెలు, కందకాలు దూకే పనిలేకుండా సాగే పరుగని దాని అర్థం. ఆస్కాట్ నేల చదునుగా లేనే లేదు, అది ఈ పరుగు కథలో ముఖ్యమైన భాగం కూడా.

ఆస్కాట్‌లో పరుగులు మొదలుపెట్టించింది ఆన్ రాణి. విండ్సర్ కోటకు దగ్గరలోని ఆ బీడునేల గుర్రాలు నిండు వేగంతో దౌడు తీయడానికి అనువుగా ఉందని ఆమె భావించిందని చెబుతారు. మొదటి పరుగు 1711 ఆగస్టు 11న జరిగింది. గోల్డ్ కప్ మాత్రం ఆ తర్వాత దాదాపు వందేళ్ళకు, 1807లో పుట్టింది. మూడో జార్జి రాజు, షార్లట్ రాణి చూస్తుండగా మాస్టర్ జాకీ అనే గుర్రం మొదటి కప్పును, దాంతోపాటు 100 గినీల బహుమతిని గెలుచుకుంది. అప్పట్లో మూడేళ్ళ గుర్రాలకు కూడా ప్రవేశం ఉండేది. చిన్న వయసు గుర్రాలు పెద్దవాటితో కలిసి దూరం పరుగెత్తడం ఆ కాలంలో మామూలే. నాలుగేళ్ళ నియమం తరువాతి కాలంలో వచ్చింది. గెలిచిన యజమాని కప్పును శాశ్వతంగా ఇంటికి తీసుకువెళ్ళవచ్చన్నది ఈ పరుగు ప్రత్యేకతల్లో ఒకటి. అందుకే ప్రతి ఏడూ కొత్త కప్పు చేయిస్తారు.

పరుగు దూరం రెండున్నర మైళ్ళు, అంటే 20 ఫర్లాంగులు, దాదాపు 4 కిలోమీటర్లు. డెర్బీ మైలున్నర మాత్రమే. ఆస్కాట్ చుట్టుకొలత పావు తక్కువ రెండు మైళ్ళు కాబట్టి గోల్డ్ కప్ గుర్రాలు నేరుబాటలో బయలుదేరి, ప్రేక్షకుల ముందు నుంచి ఒకసారి సాగిపోయి, కుడిచేతి వైపు మళ్ళుతూ పూర్తి చుట్టు తిరిగి మళ్ళీ అదే గీతకు రావాలి. మొదటిసారి గీత దాటేటప్పుడు గుర్రానికి పరుగు అయిపోయిందని తోచవచ్చు. అక్కడి నుంచి నేల పల్లంలోకి దిగుతూ స్విన్లీ బాటమ్ అనే అడుగు భాగానికి చేరుతుంది, ఆ తర్వాతంతా ఎగువే. చివరి మలుపు తిరిగాక గీతకు మిగిలేది రెండున్నర ఫర్లాంగులకు మించదు. అంతసేపు ఊపిరి దాచుకుని, పల్లంలో తొందరపడకుండా, ఎగువలో వెనకబడకుండా వచ్చిన గుర్రానికే ఆ కొద్ది దూరంలో మళ్ళీ వేగం అందుకునే శక్తి మిగులుతుంది. ఈ పని కాళ్ళ బలం ఒక్కదానితో కాదు. జాకీ మాట విని ఆగడం, తన సమయం వచ్చేదాకా ఓపిక పట్టడం గుర్రం నేర్చుకోవాలి. ఆ నేర్పు వయసుతోనే వస్తుందని నేను నమ్ముతాను, గెలిచిన గుర్రాల చరిత్ర కూడా అదే చెబుతోంది.

ఆ చరిత్రను ఒక్కసారైనా తెలుగులో వరుసగా రాయదగినదని నా అభిప్రాయం. 1844లో రష్యా చక్రవర్తి మొదటి నికోలస్ ఇంగ్లండు పర్యటనలో భాగంగా ఆస్కాట్‌కు వచ్చాడు. ఆ ఏడు గెలిచిన ఆల్బెమార్ల్ ప్రభువు గుర్రానికి అప్పటికింకా పేరు పెట్టలేదట. చక్రవర్తి గౌరవార్థం దానికి ది ఎంపరర్ అని పేరు పెట్టారు. సంతోషించిన నికోలస్ ఏటా ఒక బహుమతి పంపాడు, 1845 నుంచి ఈ పరుగు పేరే చక్రవర్తి బహుమతి అని మారిపోయింది. అదే గుర్రం 1845లో మళ్ళీ గెలిచి చక్రవర్తి బహుమతి అందుకుంది. 1854లో క్రిమియా యుద్ధంలో బ్రిటన్, రష్యా ఒకదానికొకటి శత్రువులయ్యాయి. వెంటనే పాత పేరు తిరిగివచ్చింది, ఆ పేరుతో ఆ ఏడు గెలిచింది వెస్ట్ ఆస్ట్రేలియన్. అంతకుముందు ఏడు టూ థౌజండ్ గినీస్, డెర్బీ, సెంట్ లెజర్ మూడూ గెలిచి ఇంగ్లండులో తొలి 'ట్రిపుల్ క్రౌన్' గుర్రంగా పేరు తెచ్చుకున్నది అదే. మూడేళ్ళ వయసులో అన్నీ గెలిచిన గుర్రం కూడా నాలుగో ఏట ఆస్కాట్‌లో గెలిస్తేనే దాని గొప్పతనం పూర్తయినట్టు ఆనాటి వాళ్ళు భావించారు.

1866 నాటి పరుగును నేను చదివిన వర్ణనలన్నిటిలోనూ మరిచిపోలేను. గ్లాడియేటర్ ఫ్రెంచి గుర్రం. దాని యజమాని లగ్రాంజ్ కౌంట్, నెపోలియన్ సేనానుల్లో ఒకరి కుమారుడు. 1865లో అది ఇంగ్లండు ట్రిపుల్ క్రౌన్ మొత్తం గెలిచినప్పుడు ఫ్రాన్సులో దాన్ని వాటర్లూ యుద్ధంలో ఇంగ్లండు చేతిలో ఓడిన పగ తీర్చిన గుర్రమని పొగిడారు. మరుసటి ఏడు గోల్డ్ కప్‌కు వచ్చేసరికి దాని కాళ్ళు బాగాలేవు, నేల గట్టిగా ఉంది. పోటీకి దిగినవి మూడే గుర్రాలు. పల్లంలో కాళ్ళు దెబ్బతింటాయని జాకీ హ్యారీ గ్రిమ్‌షా దాన్ని బిగపట్టి నడిపించడంతో ముందున్న రెండూ చాలా దూరం వెళ్ళిపోయాయి. ఇక ఈ గుర్రం పని అయిపోయిందని అందరూ అనుకుంటుండగా ఎగువ మొదలైంది, గ్రిమ్‌షా కళ్ళెం వదిలాడు. చివరికి గ్లాడియేటర్ రెండో గుర్రం కన్నా 40 గుర్రాల పొడవు ముందు గీత దాటింది. నొప్పి ఉన్న కాళ్ళతో అంత దూరం వెళ్ళిన ఆ గుర్రం తన శక్తిని ఎక్కడ వాడాలో తెలిసినట్టే పరుగెత్తింది. పారిస్‌లోని లాంగ్‌షాన్ రేసుకోర్సు ద్వారం దగ్గర దాని విగ్రహం ఇప్పటికీ ఉంది.

1884లో సెయింట్ సైమన్ కథ వేరు. దాన్ని పుట్టించిన బతియానీ ప్రభువు 1883లో చనిపోయాడు. యజమాని మరణిస్తే అతను ముందుగా నమోదు చేయించిన ప్రవేశాలన్నీ రద్దయ్యే నియమం అప్పట్లో ఉండేది. పోర్ట్‌లాండ్ ప్రభువు 1,600 గినీలకు ఆ గుర్రాన్ని కొన్నా డెర్బీ వంటి పరుగుల్లోకి దాన్ని దింపే దారి లేకపోయింది. అయితే అప్పటికింకా మూడేళ్ళ గుర్రాలకు తలుపు తెరిచే ఉన్న గోల్డ్ కప్‌లో అది పెద్ద గుర్రాలతో పోటీపడి, ట్రిస్టన్ అనే మంచి గుర్రం మీద 20 పొడవుల తేడాతో గెలిచింది. గీత దాటాక కూడా జాకీ ఆపలేక మరో మైలు దాకా పరుగెత్తిందని చెబుతారు. ఇంగ్లండులో అత్యధిక బహుమతి డబ్బు గెలిచిన పిల్లలకు తండ్రిగా అది తొమ్మిదిసార్లు మొదటి స్థానంలో నిలిచింది. నేటి మేలుజాతి గుర్రాల వంశవృక్షాల్లో దాని పేరు కనపడని చోటు అరుదు. డెర్బీ ఆడకుండానే ఒక గుర్రం తన జాతి చరిత్రలో ఇంత స్థానం సంపాదించగలిగిందంటే అందులో ఈ పరుగుకు భాగం ఉంది.

వింత సంఘటనల జోలికి పత్రికలు సహజంగా పోతాయి కాబట్టి వాటినీ క్లుప్తంగా చెబుతాను. 1907 జూన్ 18న, పరుగుకు రెండు రోజుల ముందు, ప్రేక్షకులకు చూపించడానికి ఉంచిన బంగారు కప్పును పట్టపగలు దొంగిలించారు. 68 ఔన్సుల బరువు, 13 అంగుళాల ఎత్తు ఉన్న ఆ కప్పు నేటికీ దొరకలేదు. ఆ ఏడు ది వైట్ నైట్, ఐడర్ అనే రెండు గుర్రాలు గీత దగ్గర సమానంగా వచ్చాయి. దారిలో తాకిడి జరిగిందన్న ఫిర్యాదు మీద ఐడర్‌ను తప్పించారు. ది వైట్ నైట్ 1908లో మళ్ళీ గెలిచి సందేహాలకు తావు లేకుండా చేసింది. 1913లో, డెర్బీలో స్త్రీల ఓటుహక్కు కోసం పోరాడిన ఎమిలీ డేవిసన్ రాజుగారి గుర్రం కింద పడి ప్రాణాంతకంగా గాయపడిన పదిహేను రోజులకు, గోల్డ్ కప్ సగంలో ఒక వ్యక్తి చేతిలో జెండా, తుపాకీ పట్టుకుని దారికి అడ్డం వచ్చాడు. ముందున్న ట్రేసరీ అతన్ని ఢీకొని పడిపోయింది, జాకీ బతికి బయటపడ్డాడు. ఇవి వార్తలకు పనికివస్తాయి గానీ, ఈ పరుగు చరిత్రను వీటితో ఆపేస్తే గుర్రాలకు అన్యాయం జరుగుతుంది.

రెండు ప్రపంచ యుద్ధాల మధ్య జరిగిన గోల్డ్ కప్‌లలో 1936 నాటిది ప్రత్యేకం. అమెరికాలో 1935లో ట్రిపుల్ క్రౌన్ గెలిచిన ఒమాహా ఓడలో సముద్రం దాటి వచ్చింది. దానితో తలపడింది క్వాష్డ్ అనే నాలుగేళ్ళ ఆడగుర్రం. చివరి నేరుబాటలో రెండూ ఒకదాన్నొకటి విడవకుండా వచ్చాయి. ఆడగుర్రం అతి చిన్న తలపాటి తేడాతో గెలిచింది. 'మహిళల రోజు' ఫొటోలు వేసే పత్రికలు ఆ గురువారాల్లో ఆడగుర్రాలు ఏం సాధించాయో కూడా రాస్తే ఎంత బాగుంటుంది! ఈ పరుగులో ఆడగుర్రాలు వీపున మోయవలసిన బరువును మగవాటికన్నా 3 పౌన్లు తగ్గిస్తారు. ఆ వెసులుబాటు తప్ప మిగిలినదంతా సమానమే.

ఇక్కడ నేను దాచకుండా చెప్పవలసిన సంగతి ఒకటుంది. ఇరవయ్యో శతాబ్దం మధ్య నుంచి గోల్డ్ కప్ ప్రతిష్ఠ తగ్గింది. 1944లో డెర్బీ గెలిచిన ఓషన్ స్వెల్ 1945లో గోల్డ్ కప్ గెలిచింది. ఆ తర్వాత ఏ డెర్బీ విజేతా దీన్ని గెలవలేదు. కారణం నేల మీద లేదు, డబ్బు లెక్కల్లో ఉంది. డెర్బీ గెలిచిన మగగుర్రాన్ని మూడేళ్ళకే పరుగుల నుంచి తప్పించి, పిల్లల కోసం ఆడగుర్రాలతో కలపడానికి పంపితే యజమానికి వచ్చే ఆదాయం ముందు ఏ కప్పు బహుమతీ నిలవదు. నాలుగో ఏట పరుగెత్తించి ఓడిపోతే ఆ విలువ పడిపోతుంది. పైగా కొనేవాళ్ళు మైలు, మైలున్నర దూరాల వేగం కోసం చూస్తున్నారు గానీ రెండున్నర మైళ్ళ దమ్ము కోసం కాదు. ఎంత దూరమైనా పరుగెత్తగల గుర్రాల పిల్లలు నిదానంగా ఎదుగుతాయన్న భయం వాళ్ళది. అందుకే గోల్డ్ కప్‌ను నాలుగుసార్లు గెలిచిన యేట్స్‌కు కూడా ఆ తర్వాత ప్రధానంగా కంచెలు దూకే గుర్రాలకు తండ్రిగానే పేరు వచ్చింది.

అయినా ఈ పరుగు నిలబడింది. నన్నడిగితే అది నిలబడిన తీరే అన్నిటికన్నా రాయదగిన కథ. మూడేళ్ళకే పేరు తెచ్చుకున్న గుర్రాలు రాకపోవడంతో, ఏళ్ళ తరబడి తిరిగివచ్చే గుర్రాలు దీనికి సొంతమయ్యాయి. డెర్బీ గుర్రాన్ని ప్రేక్షకుడు ఒక మధ్యాహ్నం చూస్తాడు. గోల్డ్ కప్ గుర్రం అతనికి మూడేళ్ళు, నాలుగేళ్ళు పరిచయం. సాగరో 1975, 1976, 1977 సంవత్సరాల్లో వరుసగా గెలిచి, మూడుసార్లు గెలిచిన తొలి గుర్రమయింది. మూడుసార్లూ దాని మీద ఉన్నది లెస్టర్ పిగట్. ఆయన మొత్తం 11 గోల్డ్ కప్‌లు గెలిచాడు. యేట్స్ 2006 నుంచి 2009 దాకా ఐదు, ఆరు, ఏడు, ఎనిమిదేళ్ళ వయసుల్లో నాలుగుసార్లు వరుసగా గెలిచింది. అలా గెలిచిన గుర్రం అంతకుముందు లేదు. ఆస్కాట్‌లో దాని కంచు విగ్రహం ఉంది. మీరు ఎప్పుడైనా ఇక్కడికి వస్తే దాని దగ్గర కాసేపు నిలబడండి, జనం తమ పిల్లలకు ఆ గుర్రం గురించి చెబుతూ కనిపిస్తారు.

2013లో ఎస్టిమేట్ అనే నాలుగేళ్ళ ఆడగుర్రం గెలిచింది. అది రెండో ఎలిజబెత్ రాణి గుర్రం. 1897లో పర్సిమన్ గెలిచినప్పుడు దాని యజమాని ఇంకా యువరాజే కాబట్టి, సింహాసనం మీద ఉన్న రాజు లేదా రాణి గుర్రం గోల్డ్ కప్ గెలవడం 1807 నుంచి అదే మొదటిసారి. కప్పును సాధారణంగా తానే అందించే రాణి ఆ రోజు తానే అందుకుంది.

స్ట్రాడివేరియస్ గురించి చెప్పకుండా ఉండలేను. చిన్నపాటి దేహం, ఎర్రటి రంగు, తెల్లని ముఖం ఉన్న ఆ గుర్రం 2018, 2019, 2020 సంవత్సరాల్లో గెలిచింది. 2020 నాటి గెలుపును కోవిడ్ వల్ల ఒక్క ప్రేక్షకుడు కూడా మైదానంలో ఉండి చూడలేదు. దూరపు పరుగులకు మళ్ళీ ప్రాణం పోయాలని ఆ రోజుల్లో ఒక ప్రత్యేక బహుమతి పెట్టారు. ఒకే వేసవిలో ఒక ముందస్తు పరుగు, గోల్డ్ కప్, గుడ్‌వుడ్ కప్, యార్క్‌లోని లాన్స్‌డేల్ కప్ గెలిస్తే యజమానికి 10 లక్షల పౌండ్లు. దాన్ని స్ట్రాడివేరియస్ 2018లోనూ 2019లోనూ గెలుచుకుంది. తర్వాత 2021లో నాలుగో స్థానం, 2022లో ఎనిమిదేళ్ళ వయసులో మూడో స్థానం. ఆ చివరి సాయంత్రం గెలిచిన గుర్రానికి ఎంత చప్పట్లు కొట్టారో మూడో స్థానంలో వచ్చిన దానికీ అంత కొట్టారు. 2022లో గెలిచిన కిప్రియోస్ మరుసటి ఏడు కీలులో చీము పట్టి ప్రాణం మీదికి తెచ్చుకుంది. వైద్యం చేయించి, తిరిగి నడిపించి, మెల్లగా పరుగెత్తించి 2024లో మళ్ళీ గోల్డ్ కప్‌కు తీసుకువచ్చారు, గెలిచింది. ఆ రోజు దాని వెనక రెండో స్థానంలో ఆగిన ట్రాలర్‌మాన్ 2025లో ఏడేళ్ళ వయసులో కప్పు అందుకుంది. ఇన్ని గుర్రాల గురించి తెలిసిన తర్వాత 'ముసలి గుర్రాల పందెం' అని ఎవరు రాయగలరు?

మీలో కొందరికి ఉన్న అభ్యంతరం నాకు తెలుసు. గుర్రపు పరుగులంటే జూదం, దాన్ని ప్రోత్సహించినట్టు అవుతుందని మీరు వెనకాడతారు. ఈ వెనకాడటంలో మన భాష పాత్ర కూడా ఉందని నాకు అనిపిస్తుంది. తెలుగులో 'పందెం' అన్న ఒకే మాట పోటీకీ, ఒడ్డిన డబ్బుకూ చెల్లుతుంది. మలక్‌పేట రేసుల్లో జీతం పోగొట్టుకుని ఇంటికి వచ్చిన మనుషులను చిన్నప్పుడు మా వీధిలోనే చూశాను, ఆ ఇళ్ళలో ఆ రాత్రులు ఎలా గడిచేవో కూడా నాకు తెలుసు. బ్రిటన్‌లో ఈ క్రీడ బెట్టింగు డబ్బుతో ముడిపడి ఉందన్నది కూడా నిజమే. గుర్రపు పరుగులు నైపుణ్యం మీద ఆధారపడిన ఆట అని మన సుప్రీంకోర్టు 1996లో తీర్పు చెప్పింది గానీ, ఆ తీర్పును చూపించి పందేల వార్తలు వేయమని నేను అడగడం లేదు. ఏ గుర్రానికి ఎంత రేటు ఉందో ఒక్క అక్షరం కూడా అచ్చువేయవద్దు. బండలాగుడు పోటీల వద్ద కూడా చాటుగా డబ్బు చేతులు మారుతుందని అందరికీ తెలుసు, అయినా మీరు ఎడ్ల గురించి, వాటి వయసు గురించి, అవి లాగిన దూరం గురించి గౌరవంగా రాస్తారు. గోల్డ్ కప్ గుర్రానికి కూడా ఆ పాటి గౌరవం ఇవ్వమంటున్నాను.

కాబట్టి నా మనవి చిన్నదే. మొదటిది, 'ముసలి గుర్రాలు' అన్న మాటను మీ డెస్కు నుంచి తొలగించి 'నాలుగేళ్ళు, ఆపైన వయసున్న గుర్రాలు' అని రాయించండి. స్థలం చాలకపోతే 'పెద్ద వయసు' అనకుండా 'నాలుగేళ్ళు నిండిన' అంటే చాలు. 'చదును పందెం' బదులు 'అడ్డంకులు లేని పరుగు' అనండి. రెండోది, జూన్‌లో ఆ గురువారం టోపీల ఫొటో వేస్తే వేయండి, నాకు అభ్యంతరం లేదు, ఆ టోపీలు కూడా ఆ ఊరి సంప్రదాయంలో భాగమే. దాని కింద నాలుగు పంక్తుల్లో గెలిచిన గుర్రం పేరు, వయసు, ఆడదా మగదా, ఎన్నోసారి గెలిచిందీ, జాకీ, ట్రైనర్ ఎవరన్నది కలపండి. వీలైతే దాన్ని రోజూ తోమి, మేత పెట్టి, మైదానంలోకి నడిపించుకు వచ్చిన మనిషిని కూడా ఫొటోలో ఉంచండి. బహుమతి సమయంలో గుర్రం కళ్ళెం పట్టుకుని నిలబడేది సాధారణంగా ఆ మనిషే. మలక్‌పేట సైసుల పిల్లలు, మనవలు ఇప్పుడు మీ పాఠకులు. వాళ్ళు ఆ ఫొటోలో ముందు చూసేది ఆ చేతినే.

సమయం గురించి మీకు ఇబ్బంది ఉండదని కూడా చెప్పాలి. ఇటీవలి సంవత్సరాల్లో గోల్డ్ కప్ ఇక్కడి కాలమానం ప్రకారం సాయంత్రం 4:20 ప్రాంతంలో మొదలవుతోంది. పరుగు నాలుగున్నర నిమిషాలకు కాస్త అటూ ఇటూ పడుతుంది. అంటే హైదరాబాదులోనూ విజయవాడలోనూ రాత్రి 9 గంటలు కొట్టకముందే ఫలితం మీ ముందుంటుంది, జిల్లా పేజీలు ఇంకా మూసి ఉండవు.

భవదీయుడు,
రెడింగ్ నుంచి ఒక పాఠకుడు